ఒంటిముక్క రాడ్

పడవాయన ఫోన్ చేసేసరికి వంటింటి గట్టు దగ్గర నిలబడి చారన్నం తింటున్నాను. రెండేళ్ళుగా ఇదే అలవాటైపోయింది. ఒక్క మనిషి కోసం కంచం పెట్టుకుని, గ్లాసుతో నీళ్ళు పెట్టుకుని, కుర్చీ లాక్కుని కూర్చోవడం పెద్ద తతంగంలా అనిపిస్తుంది. గిన్నెలోనే కలుపుకుని, కిటికీలోంచి థర్మల్ స్టేషన్ పొగగొట్టాల వంక చూస్తూ నాలుగు ముద్దలు మింగేస్తాను.

"సార్, బాగున్నారాండీ? మొగ దగ్గర చేప పైకొచ్చేసిందండీ. నీళ్ళ మీద ఒకటే ఎగరడం. మీరు రావడమే మానేశారేంటండీ?" అన్నాడు.

ఆయనది బందరు పక్కన గిలకలదిండి. చిన్న ఫైబర్ పడవ ఉంది. వలకి వెళ్ళని రోజుల్లో నాలాంటి గాలం పిచ్చోళ్ళని కాలువ సముద్రంలో కలిసే మొగ దాకా తీసుకెళ్తాడు.

"వస్తాలేవయ్యా, శనివారం వస్తా" అనేశాను. ఫోన్ పెట్టేశాక గానీ గుర్తు రాలేదు, నా దగ్గర గాలం వేసే రాడ్ లేదని. అంటే ఉంది. ఉయ్యూరులో ఉంది, మా బావమరిది ఇంట్లో, ముందుగది మూల. నేను ఆ గుమ్మం తొక్కి రెండేళ్ళు దాటింది. అడిగితే ఇస్తాడు. చచ్చినా అడగను అనుకున్నాను. అంత మొండిఘటాన్ని నేను.

వాడు మా ఆవిడ తమ్ముడు. మాకు పిల్లల్లేరు. నా పెళ్ళయ్యేనాటికి వాడు ఐటీఐ చదువుతున్నాడు, తర్వాత ఉయ్యూరు చక్కెర ఫ్యాక్టరీలో చేరాడు. నేను ఇబ్రహీంపట్నం థర్మల్‌లో టర్బైన్ మెయింటెనెన్స్. ఇద్దరం కాలవగట్ల మీద పెరిగినవాళ్ళమే. వెదురు కర్ర, దారానికి బెండు, కొక్కేనికి వానపాము. బెండు మునిగిందా, లాగెయ్యడమే. చేపల గురించి మాకు తెలిసిన చదువు అదొక్కటే. తర్వాతెప్పుడో టీవీలో చూసి ఇద్దరికీ ఒకేసారి సముద్రం పిచ్చి పట్టింది.

ఆ పద్ధతిలో వానపాము ఉండదు, ఎర ఉండదు. పాపర్ అని ఒక చెక్క చేప ఉంటుంది. దాని నోరు దొప్పలా లోపలికి తొలిచి ఉంటుంది. దూరంగా విసిరి, రాడ్‌తో గుంజితే గుబుక్కున నీళ్ళు మింగి నురగ కక్కుతుంది. స్టిక్‌బైట్ అని ఇంకోటి, ములక్కాడ ముక్కలా సన్నగా ఉంటుంది. అది చప్పుడు చెయ్యదు, దెబ్బ తిన్న చేపలా అటూ ఇటూ ఒరుగుతూ ఈదుతుంది. కింద ఉన్న పండుగప్పో వంజరమో దాన్ని చూసి పైకొచ్చి కొడుతుంది. కొట్టినప్పుడు నీళ్ళు పగిలిపోతాయి. చూస్తున్నవాడికి గుండె ఆగినంత పనవుతుంది.

నా తప్పంతా అక్కడే. నీళ్ళు పగలగానే లాగేస్తాను. బెండు చదువు కదా! చేప ఇంకా నోట్లో పెట్టుకోను కూడా పెట్టుకోదు, ఈలోపే పాపర్ గాల్లోకి లేచి నా మొహం మీదికే వస్తుంది. "నీళ్ళు చూసి కాదు సార్, చేతికి బరువు తెలిశాక లాగాలండీ" అని పడవాయన నోరు నొప్పెట్టేలా చెప్పేవాడు. మా బావమరిది వెనకనుంచి "ఆగు బావా, ఆగు, ఆగు" అని అరిచేవాడు. వాడిది కూడా కాలవగట్టు చదువే, కానీ వాడు ఆగడం నేర్చుకున్నాడు. నాకు చేత కాలేదు. సాయంత్రం ఇంటికొస్తే మా ఆవిడ తలుపు తీస్తూనే అడిగేది, "చేప పడిందా, తొందరపడ్డారా?" అని. ఆవిడకి జవాబు తెలుసు. నా మొహం చూసి నవ్వి, కాఫీ పెట్టడానికి లోపలికి పోయేది.

రాడ్‌లు రెండూ ఉయ్యూరులో ఉండటానికి కారణం ఉంది. అవి ఒంటిముక్క రాడ్‌లు, మధ్యలో జాయింటు లేనివి, నిలువునా ఏడున్నర అడుగులు. స్కూటర్ మీద ఒక్కడు మోసుకెళ్ళే వస్తువు కాదు. ఉయ్యూరు దాకా నేను ఖాళీ చేతులతో వెళ్ళేవాణ్ణి. అక్కణ్ణుంచి బందరుకి వాడు నా వెనక కూర్చుని, రెండు రాడ్‌లూ నిలువుగా పట్టుకుని, తీగలు కిందికున్న చోటల్లా "వంచుతున్నా బావా" అని చెప్తూ వచ్చేవాడు. పదిహేనేళ్ళు అలా తిరిగాం. దారిలో పామర్రు దగ్గర టీ, ఇద్దరం కలిసి మా ఆవిడ మీద చాడీలు. అక్క మీద తమ్ముడు చెప్పేవే ఎక్కువ.

ఆ రోజు కూడా అలాగే వెళ్ళాం. సముద్రంలో సిగ్నల్ ఉండదు. మధ్యాహ్నం ఒడ్డుకొచ్చి ఫోన్ చూసుకుంటే పక్కింటివాళ్ళ మిస్‌డ్ కాల్స్ వరసగా ఉన్నాయి. మా ఆవిడ ఛాతీలో నొప్పని కూలబడిందట. ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్తుంటే దారిలోనే ప్రాణం పోయిందట. నేను చేరేసరికి పాదాలు చల్లగా ఉన్నాయి. చేపల వాసన కొట్టే చేతులతోనే పట్టుకున్నాను.

సమాధి కార్యక్రమం అయ్యాక మా చర్చి సంఘంలో ఆదరణ కూడిక పెడతారు. పాటలు, ప్రార్థన, వాక్యం. ఆ తర్వాత బంధువులు ఒక్కొక్కరే లేచి పోయినవాళ్ళ గురించి సాక్ష్యం చెప్పాలి. మా బావమరిది లేచాడు. మైకు అందుకున్నాడు. "ఆ రోజు బావ సముద్రానికి రాకుండా ఉంటే మా అక్క బతికుండేది" అన్నాడు. ఊపిరి తీసుకోవడానికి ఆగాడు.

అంతే, నేను లేచాను. "నోర్ముయ్‌రా! రమ్మని నన్ను పోరింది నువ్వు కాదూ?" అని షామియానా ఎగిరిపోయేలా అరిచాను. ఇంకా చాలా అన్నాను, అవన్నీ ఇక్కడ రాయలేను. పాస్టరుగారు వచ్చి నా భుజం పట్టుకున్నారు. వాడు మైకు కుర్చీలో పెట్టి వెళ్ళిపోయాడు. తర్వాత ఫోన్ చేశాడు, ఎత్తలేదు. వాడి భార్యని నేను చెల్లెమ్మా అని పిలుస్తాను. ఆవిడ చేసి, "అన్నయ్యా, ఆ రోజు ఆయన చెప్పాలనుకున్నది..." అంటుంటే కట్ చేశాను. మళ్ళీ చేసింది, మళ్ళీ కట్ చేశాను. కొన్నాళ్ళకి ఆ ఫోన్లు కూడా ఆగిపోయాయి.

ఆ తర్వాత రిటైరయ్యాను. ఇక మాట్లాడే మనిషే లేడు. ఆదివారం ఆరాధన అయ్యాక బయట చెప్పులేసుకుని, ఆడవాళ్ళు వచ్చే తలుపు వైపు చూస్తూ నిలబడతాను. ముప్పై ఏళ్ళ అలవాటు. అందరూ వెళ్ళిపోయాక గుర్తొస్తుంది, నేను ఎదురుచూసేవాళ్ళు రారని. అప్పుడు ఎవరూ చూడకుండా గబగబా స్కూటర్ స్టార్ట్ చేస్తాను. ఇలాంటి రోజుల మధ్య వచ్చింది పడవాయన ఫోన్.

గవర్నర్‌పేటలో ఒక సందులో వలల కొట్టు ఉంది. నైలాన్ వలలు, తాళ్ళు, సీసం గుళ్ళు, బెండ్లు అమ్మే పాత కొట్టు. ఈమధ్య ఒక గోడ నిండా రాడ్‌లు పెట్టారు. తండ్రి పోయాక కూతురు చూసుకుంటోంది. నలభై దాటిన మనిషి, ముక్కుసూటిగా మాట్లాడుతుంది.

"సముద్రం రాడ్ కావాలమ్మా. గట్టిది. ఉన్నవాటిల్లోకల్లా గట్టిది చూపించు" అన్నాను.

"అంత గట్టిదెందుకండీ, దొంగల్ని కొడతారా?" అంది.

నాకు చిర్రెత్తుకొచ్చింది. జీవితమంతా టర్బైన్ షాఫ్టుల మధ్య బతికినవాణ్ణి, నాకు చెప్తుందా ఈవిడ గట్టిదేదో మెత్తదేదో! "సముద్రంలో చేపమ్మా, కాలవలో జెల్ల కాదు" అన్నాను.

ఆవిడ బొటనవేలంత లావున్న నల్ల రాడ్ తీసి నా చేతికిచ్చింది. "సందులోకెళ్ళి యాభైసార్లు విసిరినట్టు ఊపి రండి" అంది. పౌరుషానికి పోయి ఊపాను. ఇరవై దాటేసరికి భుజం మండిపోయింది. జిరాక్స్ షాపువాడు బయటికొచ్చి నన్నే చూస్తున్నాడు. నలభై అయ్యాయని అబద్ధం చెప్పి లోపలికొచ్చాను.

"పాపర్ పొద్దుట్నుంచి విసురుతూనే ఉండాలి కదండీ. ఇది చేపకంటే ముందు మిమ్మల్ని అలవగొడుతుంది" అంది. "పడవ మీదనుంచా, ఒడ్డునుంచా?"

"పడవ."

"అయితే తొమ్మిది పది అడుగులవి మర్చిపోండి. అవి గట్టుమీద నిలబడి దూరం విసిరేవాళ్ళకి. పడవలో అంత పొడుగైతే పక్కవాళ్ళ చెవి కోస్తుంది. ఏడున్నర, మహా అయితే ఎనిమిది. మీ పాపర్లు ఎంత బరువుంటాయి?"

పాత టిఫిన్ డబ్బాలో తీసుకెళ్ళాను. ఆవిడ త్రాసులో పెట్టింది. పాపర్ అరవై గ్రాములు, స్టిక్‌బైట్ నలభై. రాడ్ పిడి పైన సన్నటి అక్షరాల్లో అది ఎంత బరువు విసరగలదో రాసుంటుందని చూపించింది. నా పాత రాడ్ మీద కూడా ఉండేవి ఆ అంకెలు, వంద నుంచి రెండొందల గ్రాములని. అవి పాపర్‌కి సంబంధించినవని నాకెప్పుడూ తట్టలేదు. లావుగా ఉంది, గట్టిగా ఉంది, సముద్రానికి సరిపోతుంది అని ఇద్దరం ఎగబడి కొన్నాం. నలభై గ్రాముల స్టిక్‌బైట్ దాంతో విసిరితే పడవ పక్కనే పడదూ మరి! పదిహేనేళ్ళు గాలిని తిట్టాను.

"ఇంకో సంగతండీ" అని ఒక్కొక్క రాడ్ తీసి, చివరికి దారం కట్టి, ఆ దారానికి సీసం గుళ్ళ మూట వేలాడదీసింది. నన్ను పట్టుకుని మెల్లగా లేపమంది. "పాపర్‌ని గుంజాలంటే నడుం దగ్గర బిగువు కావాలి, లేకపోతే నీళ్ళు ఎగరవు. స్టిక్‌బైట్‌కి చివర మెత్తగా ఉండాలి, లేకపోతే అది ఈదదు, ఎగిరి బయటికొచ్చేస్తుంది. రెండూ ఒకే రాడ్‌తో కావాలంటే ముందు చివర వంగాలి, బరువు పెరిగేకొద్దీ వంపు కిందికి దిగాలి. అదీ చూసుకోవాల్సింది."

మొదటిది వంగనే లేదు. రెండోది కొబ్బరాకులా పిడి దాకా వంగిపోయింది. మూడోదానికి చివర ముందు తలవంచింది, తర్వాత నెమ్మదిగా నడుం దాకా వచ్చి అక్కడ నిలబడింది. చేతికి మూట బరువు స్పష్టంగా తెలిసింది. పిడి చంకలో పెట్టి చూసుకున్నాను, సరిగ్గా కుదిరింది. దారం పోయే రింగుల్లో గోరు పెట్టి తిప్పి చూశాను, ఎక్కడా గరుకు లేదు.

"చివర మెత్తగా ఉంటే ఇంకో లాభం ఉందండీ. చేప కొట్టగానే దానికి బిగువు తగలదు. నోట్లో పెట్టుకునే టైము దొరుకుతుంది. తొందరపడి లాగేవాళ్ళకి ఇలాంటిదే మంచిది" అంది. నేను తొందరమనిషినని ఎలా తెలిసిందని అడగలేదు. కొట్లోకొచ్చిన అయిదు నిమిషాలకే తెలిసిపోయుంటుంది.

ఆ రకంలో రెండున్నాయి. అదే పొడుగు, అదే బరువు, అదే వంపు. ఒకటి రెండు ముక్కలుగా విడదీసేది, ఇంకోటి ఒంటిముక్క.

"ఎలా వెళ్తారండీ మీరు?"

"స్కూటర్ మీద."

"వెనక పట్టుకుని కూర్చునేవాళ్ళు ఉన్నారా?"

నేను పిడి మీది అక్షరాలు చదువుతున్నట్టు నటించాను. ఆవిడ మంచిమనసుతోనే చెప్పుకుపోయింది. "ఒక్కరే అయితే రెండు ముక్కలది తీసుకోండి. పాతవాటిలా జాయింటు దగ్గర లొటలొటలాడవు, తేడా ఏం తెలీదు. సంచిలో పెట్టుకుని బస్సెక్కేయొచ్చు."

ప్రతి మాటా సరైనదే. ఆ రెండు ముక్కల రాడ్ చేతిలోకి తీసుకుని, కలిపి, విడదీసి, మళ్ళీ కలిపాను. రేషన్ కార్డులో మా ఆవిడ పేరు కొట్టేయించడానికి సంతకం పెట్టమంటే పెన్ను పట్టుకుని ఎంతసేపు నిలబడ్డానో, ఇక్కడా అంతసేపు నిలబడ్డాను. ఇది కొంటే ఇక నా వెనక ఎవరూ కూర్చోరని నేనే ఒప్పేసుకున్నట్టు. నాకు భయమేసింది. నిజంగా భయమే.

"ఉన్నాడమ్మా. మా బావమరిది ఉన్నాడు. పదిహేనేళ్ళుగా వాడే పట్టుకుంటాడు. ఒంటిముక్కే ఇవ్వు" అన్నాను.

"మరి ఆయన్ని తీసుకురాలేదేం?"

"డ్యూటీ" అన్నాను. వాడికి ఆ రోజు డ్యూటీ ఉందో సెలవో నాకెలా తెలుస్తుంది.

ఆ అబద్ధానికి శిక్ష వెంటనే పడింది. దారం చుట్టే రీలు కూడా కొని, రాడ్ పట్టుకుని బయటికొచ్చి స్కూటర్ ముందు నిలబడితే, దాన్ని ఎలా తీసుకెళ్ళాలో అర్థం కాలేదు. బస్సువాడు ఆ పొడుగు చూసి ఆపకుండానే వెళ్ళిపోయాడు. చివరికి స్కూటర్ అక్కడే వదిలి ఆటో మాట్లాడుకున్నాను. రాడ్ ఆటోకి ఆ వైపు ఒక మూరెడు, ఈ వైపు ఒక మూరెడు బయటికొచ్చి, ఇబ్రహీంపట్నం దాకా దారిన పోయే ప్రతివాడి చేతా తిట్లు తినిపించింది. ఇంట్లో రాడ్ పెట్టి, మళ్ళీ బస్సులో గవర్నర్‌పేట వెళ్ళి స్కూటర్ తెచ్చుకున్నాను. ఇంతా చేసి రాడ్‌ని ముందుగదిలో గోడకి ఆనించి, ఎదురుగా కుర్చీలో కూర్చున్నాను. చూపించుకోడానికి ఎవరూ లేరు. ఇదెక్కడ పెడతారు మహాప్రభో అని విసుక్కునే మనిషి ఉండుంటే ఎంత బాగుండేది.

శనివారం తెల్లారాక బయల్దేరాను. పిడి కాళ్ళ దగ్గర పెట్టి, రాడ్‌ని భుజం మీదుగా వెనక్కి వాల్చి, వెనక సీటు కడ్డీకి తువ్వాలుతో బిగించి కట్టాను. బెంజి సర్కిల్ దగ్గర ట్రాఫిక్ కానిస్టేబుల్ ఆపి, "ఏం సార్, జెండా మర్చిపోయారా?" అన్నాడు. వేరే రోజైతే వాడితో గొడవ పెట్టుకునేవాణ్ణే. ఆ రోజు తల వంచుకుని వెళ్ళిపోయాను. ఉయ్యూరులో అటూ ఇటూ చూడకుండా నేరుగా బందరు రోడ్డు పట్టాలని గట్టిగా అనుకున్నాను.

చెరకు ఆడే రోజులు. ఫ్యాక్టరీ రోడ్డు దగ్గర చెరకు ట్రాక్టర్లు బారులు తీరి ఉన్నాయి. ఒకటి నన్ను రాసుకుంటూ ముందుకెళ్ళింది. ట్రక్కులోంచి బయటికి వేలాడుతున్న చెరకు మోపు రాడ్ చివరికి తగులుకుంది. టప్పుమని శబ్దం. బండి ఆపి చూస్తే రాడ్ బాగానే ఉంది, కొసన ఉండే రింగు ఊడిపోయింది. దారం ఆ రింగులోంచే బయటికి పోవాలి. అది లేకపోతే ఏడున్నర అడుగుల రాడ్ దులుపుకర్రతో సమానం.

వెనక్కి గవర్నర్‌పేట వెళ్తే ఆ రోజుకి పోటు అయిపోతుంది, పడవాయన ఎదురుచూసి వెళ్ళిపోతాడు. ఉయ్యూరులో రింగు వెయ్యడం తెలిసిన మనిషి ఒక్కడే ఉన్నాడు. రోడ్డు పక్కన నిలబడి ట్రాక్టర్‌నీ, చెరకునీ, వాణ్ణీ, నన్నూ వరసగా తిట్టుకున్నాను. తిట్టడం అయ్యాక బండి వాడి వీధిలోకి తిప్పాను.

చెల్లెమ్మ తలుపు తీసి, "అన్నయ్యా" అంది. కళ్ళు తుడుచుకుంటూ లోపలికెళ్ళిపోయింది. వాడు ముందుగదిలో పేపరు చదువుతున్నాడు. జుట్టు పూర్తిగా నెరిసిపోయింది. మూలన మా పాత రాడ్‌లు రెండూ ఉన్నాయి, ఒక్క బూజు పోగు లేదు, రీళ్ళకి నూనె కూడా పెట్టినట్టున్నాడు. వాడు నా మొహం చూడలేదు. రాడ్ చూశాడు.

"టాప్ రింగు పోయింది" అన్నాడు.

"చెరకు" అన్నాను.

లేచొచ్చి రాడ్ తీసుకున్నాడు. నేలకి ఆనించి వంచి చూశాడు. "మంచిది కొన్నావు. చివర మెత్తగా ఉంది." ఇంకోసారి పైనుంచి కింది దాకా చెయ్యి జారుస్తూ చూశాడు. జాయింటు కోసం వెతుకుతున్నాడని అర్థమైంది. "ఒంటిముక్క కొన్నావేంటి బావా? ఎవరు పట్టుకుంటారని?"

"ముందు రింగు వెయ్యి" అన్నాను.

వాడు తన పాత రాడ్ తీసుకుని, చివర లైటరుతో వేడి చేసి, రింగు ఊడదీశాడు. నా రాడ్ కొస గీకి శుభ్రం చేశాడు. జిగురు కడ్డీ కరిగించి పూసి, రింగు ఎక్కించి, ఒక కన్ను మూసి మిగతా రింగులతో వరస కుదిరిందో లేదో చూసుకున్నాడు. నేను చెయ్యి చాచాను.

"ఆగు బావా. చల్లారేదాకా ముట్టుకోకు" అన్నాడు. రాడ్ ఒళ్ళో అడ్డంగా పెట్టుకుని కూర్చున్నాడు. "ఆ రోజు కూడికలో నా మాట సగమే విన్నావు."

నా లోపల మంట లేచింది. నోరు తెరిచాను. తెరిచిన నోరు తెరిచినట్టే ఉంది, మాట మాత్రం రానివ్వలేదు. ఎలా ఆపుకున్నానో నాకు ఇప్పటికీ తెలీదు. రెండేళ్ళ ఒంటితనం నన్ను అంత అలవగొట్టి ఉంటుంది.

"ఆ పొద్దున నువ్వు బయల్దేరాక అక్క నాకు ఫోన్ చేసింది" అన్నాడు. "ఛాతీలో పట్టేసినట్టుంది, గ్యాసేమో, మాత్ర వేసుకుంటున్నా అంది. నువ్వు ఇక్కడికి రాగానే చెప్పి వెనక్కి పంపిస్తానన్నాను. వద్దంది. ‘బావకి చెప్పకు. చెప్తే అరుస్తారు. ముందే చెప్పి చావొచ్చుగా అంటారు. రోజంతా మొహం మాడ్చుకుని కూర్చుంటారు. నేను పడలేను, వెళ్ళనీ’ అంది. సరే అన్నాను. నా వెనక నువ్వు... కాదు, నీ వెనక నేను, బందరు దాకా కూర్చుని కూడా నోరు విప్పలేదు. బావ రాకుండా ఉంటే అక్క బతికుండేది, బావని ఆపాల్సింది నేను, ఆపలేదు అని చెప్పడానికి లేచాను బావా. అందరి ముందూ చెప్పి దించుకుందామనుకున్నాను."

వాణ్ణి కొట్టాలనిపించింది. ఆవిడ మీద కోపమొచ్చింది, నాకు కదా చెప్పాల్సింది, కట్టుకున్నవాణ్ణి నేను కదా అని. ఆ కోపాలు రెండూ ఎంతసేపో నిలబడలేదు. ఆవిడ అన్న మాటలు అచ్చం నేను అనే మాటలే. ముందే చెప్పి చావొచ్చుగా. ఎన్నిసార్లు అనుంటాను, గ్యాసు బండ అయిపోయిందని చెప్పినా, తలనొప్పని చెప్పినా. ముప్పై ఏళ్ళు కాపురం చేసిన మనిషి నొప్పికంటే నా అరుపుకే ఎక్కువ భయపడింది. ఆదరణ కూడికలో ఎవరూ చెప్పని సాక్ష్యం ఇది, నా గురించి మా ఆవిడ చెప్పింది. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని ఏడ్చాను. వాడు కదల్లేదు, ఓదార్చలేదు. వాడి కళ్ళనీళ్ళు వాడివి.

చెల్లెమ్మ టీ తెచ్చి స్టూలు మీద పెట్టింది. చల్లారిపోయాక ఇద్దరం తాగాం. వాడు రింగుని గోటితో తట్టి చూసి, "అతుక్కుంది" అన్నాడు.

నేను బయటికెళ్ళి స్కూటర్ స్టార్ట్ చేశాను. "ఎక్కు" అన్నాను.

దారిలో టీకి ఆగలేదు. తీగలొచ్చిన చోట మాత్రం "వంచుతున్నా బావా" అన్నాడు, అంతే. చాడీలు చెప్పుకోడానికి ఆవిడ లేదు. గిలకలదిండిలో పడవాయన మా ఇద్దర్నీ చూసి, "అమ్మయ్య, జంట కలిసిందండీ" అని నవ్వాడు. మేం నవ్వలేదని ఆయన కూడా ఆపేశాడు.

మొగ దగ్గర నీళ్ళు మట్టిరంగులోంచి పచ్చరంగులోకి మారే గీత మీద పడవ ఆపాడు. పాపర్ విసిరాను. కొత్త రాడ్‌తో అది నేను ఎప్పుడూ చూడనంత దూరం వెళ్ళి పడింది. గుంజాను, గుబుక్కుమంది. ఆగాను. మళ్ళీ గుంజాను. మూడోసారికో నాలుగోసారికో నీళ్ళు పగిలాయి. ఇత్తడి బిందె అంత గుంట పడింది నీళ్ళల్లో. నా చేతులు లేవబోయాయి. వెనకనుంచి ‘ఆగు’ అన్న మాట వస్తుందనుకున్నాను, రాలేదు. వాడు అనలేదు. నేనే ఆగాను. రాడ్ చివర ఒక్క క్షణం వంగింది. బరువు కోసం చూశాను. చూస్తూనే ఉన్నాను. వంగిన చివర మెల్లగా నిటారుగా లేచింది. నురగ చెదిరిపోయి పాపర్ ఒక్కటే నీళ్ళ మీద ఊగుతోంది.

"సరిగ్గానే ఆగావు బావా. అది పట్టలేదు, అంతే" అన్నాడు వాడు.

ఆ రోజు ఇంకేమీ కొట్టలేదు. వచ్చేటప్పుడు రాడ్ ఉయ్యూరులోనే, ముందుగది మూలలో పాతవాటి పక్కన పెట్టేశాను. వచ్చే శనివారం అని నేనూ అనలేదు, వాడూ అనలేదు. నేను బండి తిప్పేదాకా గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

ఇబ్రహీంపట్నం చేరేసరికి ఎండ తగ్గింది. పక్కింటివాళ్ళు వాకిట్లో నీళ్ళు చల్లుకుంటున్నారు. తాళం తీసి, తలుపు తోసి, చెప్పులు విప్పుతూ గుమ్మంలోనే నిలబడ్డాను. అడిగే మనిషి లేకపోయినా జవాబు మాత్రం నోట్లోనే ఉంది.

"పడలేదు" అన్నాను ఖాళీ ఇంట్లోకి చూసి. "కానీ తొందరపడలేదు."